తడి వేలు

ఇస్త్రీపెట్టె కాగిందో లేదో చూడటానికి మా లాండ్రీలో ఒకటే పద్ధతి. చూపుడువేలు నాలుకకు అద్దుకుని, పెట్టె అడుగున ఇలా తాకించి అలా తీసెయ్యాలి. చుయ్‌మంటే కాగినట్టు. వేలికి తడి ఉన్నంతవరకు ఏమీ కాదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆ చప్పుడు వింటేనే ఒళ్ళు జలదరించేది. కరెంటు పెట్టెలు వచ్చాయి, వేడి ఎంతో చూపించే చక్రాలు వచ్చాయి, అయినా మా పెద్దత్త ఆ చక్రం వైపు కన్నెత్తి చూడదు. ఆమెకు వేలే లెక్క.

నిజం చూడటానికి కూడా మా ఇంట్లో ఇదే పద్ధతి.

అటక మీద పాత బొగ్గుల పెట్టె ఒకటి ఉంది. బట్టలకు దాన్ని వాడరు. ఇంట్లో ఏదైనా పోయి, నేను కాదంటే నేను కాదని అందరూ అన్నప్పుడే దాన్ని దించుతారు. నిప్పులు వేస్తారు. అందరూ వరుసగా వేలు తడుపుకుని తాకించాలి. తప్పు చేసినవాళ్ళకు నోరు పిడచకట్టుకుపోతుందట. వేలికి తడి అంటదట. అప్పుడు పెట్టె పట్టుకుంటుందట. చర్మం ఇనుముకు అంటుకుపోవడాన్ని పట్టుకోవడం అంటారు మా ఇంట్లో, కుక్క పట్టుకుంది అన్నంత మామూలుగా.

ఇప్పటిదాకా పెట్టె పట్టుకున్నది ఒక్కరినే. మా అత్తగారిని.

ఇక్కడ వరసలు చెప్పాలి. నేను పెద్దత్త అని పిలిచేది మా ఆయన పెద్దమ్మని. లాండ్రీ ఆమెదే, మా ఆయన్ని పెంచింది కూడా ఆమే. ఆయన కన్నతల్లిని నేను చూడలేదు. ఆ మాటకొస్తే ఆయనకూ ఆమె ముఖం గుర్తులేదు. ఆయన ఇంకా పాలు తాగే పిల్లాడిగా ఉన్నప్పుడు, ఎవరిదో కోటు జేబులోంచి బంగారు గొలుసు పోయింది. ముసలావిడ, అంటే మా ఆయన నాయనమ్మ, పెట్టె దించమంది. మా అత్తగారి వేలు అంటుకుపోయింది. పొద్దుగూకే లోపల ఆమె ఇల్లు వదిలి వెళ్ళింది. పిల్లాణ్ణి మాత్రం ఇవ్వలేదు. దొంగచేతికి బిడ్డనెలా ఇస్తామన్నారట.

గొలుసు ఈనాటికీ దొరకలేదు.

ఆమె నిలబడి ఇస్త్రీ చేసిన బల్ల ఇప్పటికీ అలాగే ఉంది. కిటికీ పక్కన మూడోది. మంచి వెలుతురు వస్తుంది, గాలి వస్తుంది, అయినా ఎవరూ అక్కడ పని చెయ్యరు. మడిచిన దుప్పట్లు కూడా దాని మీద పెట్టరు. బాయిలరు ఆవిరి గదంతా కమ్మినప్పుడు మొదటి బల్ల కనబడదు, రెండో బల్ల కనబడదు, మూడోది ఒక్కటే కనబడుతుంది, కిటికీ వెలుతురుకు. ఒక్కోసారి అక్కడ ఎవరో నిలబడినట్టు ఉంటుంది. ఆవిరే. ఆవిరేనని నాకూ తెలుసు. అయినా అటు వీపు పెట్టి పని చెయ్యలేను.

గొడుగమ్మ ఏడాదికి ఒక్కసారి వస్తుంది. ఎండైనా వానైనా, రెండూ లేకపోయినా, గొడుగు వేసుకునే వస్తుంది కాబట్టి ఆ పేరు. ఆమె తెచ్చేది ఒకటే బట్ట, పసిబిడ్డ గౌను. తెల్లటి మెత్తటి నూలు, మెడ చుట్టూ ఆకుపచ్చ దారంతో చిన్న చిన్న ఆకులు. ఆ గౌను వేసుకున్న ఆమె పాప ఎప్పుడో పోయింది. మురికన్నదే లేని ఆ గౌనును ఉతకాలి, పలచగా గంజి పెట్టాలి, ముడత లేకుండా ఇస్త్రీ చెయ్యాలి. పాప పుట్టినరోజు సాయంత్రం వచ్చి తీసుకెళ్తుంది. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి ఆ బట్ట ఉల్లిపొరలా అయిపోయింది. దాన్ని పెద్దత్త తప్ప ఇంకెవరూ ముట్టుకోరు. నలభై ఏళ్ళలో ఒక్క బట్ట కాల్చని చెయ్యి అది. ఆ మాట ఆమె రోజుకొకసారైనా అంటుంది.

ఈసారి గౌను వచ్చినప్పుడు నా కూతురికి ఆరో నెల. బట్టల బుట్టలో పాత తువ్వాళ్ళు పరిచి దాన్ని నా బల్ల కిందే పడుకోబెట్టుకుంటాను. అది ఊపిరి తీస్తోందో లేదో అని నిమిషానికోసారి వంగి చూస్తాను. మా ఆయన నవ్వుతారు, "నీ నడుముకు తలుపు బందులు వేయించాలి" అని. నవ్వితే నవ్వనీ. నిద్రలో పిల్లలు ఊరికే ఆగిపోతారని ఎవరో చెప్పగా విన్నాను. విన్నది మర్చిపోవడం నాకు చేతకాదు.

ఆ రోజు పెద్దత్త ఎవరితోనో మాట్లాడటానికి ముందుగదిలోకి వెళ్ళింది. గౌను ఆమె బల్ల మీద ఉంది. ఎందుకు చేశానో చెప్పలేను, చెయ్యి దానంతటదే వెళ్ళింది. గౌను తీసి నా కూతురి మీద పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. భుజాలు, చేతులు, అంచు, అన్నీ. దానికోసమే కుట్టినట్టు. అంతలోనే గుర్తొచ్చింది. చచ్చిపోయిన పిల్ల గౌను నా పిల్ల మీద పెడతానా! చప్పున తీసేసి, ఉన్నచోటే పెట్టి, తల ఎత్తాను.

సబ్బమ్మ తొట్టి దగ్గర నిలబడి చూస్తోంది. ఉతికే పని ఆమెది. నా కంటే చాలా ముందు నుంచి ఉంది ఈ ఇంట్లో.

"ఏమే పిల్లా, కొలతలు తీస్తున్నావా?" అంది నవ్వుతూనే.

"ఊరికే పిన్నీ."

"ఊరికే అంటే మంచిదే."

తర్వాత రెండు రోజులకో ఏమో, గదిలో కాలిన వాసన వచ్చింది. నా బల్ల మీదేమోనని కంగారుగా దుప్పటి ఎత్తి చూసుకున్నాను. నాది కాదు. "గంజి మాడిందిలే, నీ పని చూసుకో" అంది పెద్దత్త తల ఎత్తకుండా. ఆ మర్నాటి నుంచి గౌను లేదు.

మూటలు విప్పాం. బీరువాలు తీశాం. మా ఆయన బట్టలు చేరవేసే వ్యానులో సీటు కింద కూడా వెతికారు. పొరపాటున ఇంకెవరి బట్టల్లోనైనా వెళ్ళిందేమోనని ఇళ్ళు తిరిగి అడిగి వచ్చారు. పెద్దత్త మాత్రం వెతకలేదు. కుర్చీలో కూర్చుని చూపుడువేలిని బొటనవేలితో రుద్దుకుంటూ ఉంది.

ఇక అనాల్సిన మాట సబ్బమ్మే అంది. "నేను చూసిందే చెప్తున్నానమ్మా, చూడంది కల్పించడం లేదు. పిల్ల మీద పెట్టి కొలుచుకుంది. తీసిందని నేననను. కొలుచుకుంది అంటున్నా."

అందరూ నా వైపు చూశారు. నా బుట్ట వైపు చూశారు.

"పుట్టినరోజు మధ్యాహ్నం పెట్టె దించుదాం" అంది పెద్దత్త. "గొడుగమ్మ వచ్చేలోపల తేలిపోవాలి. పెట్టె అబద్ధం చెప్పదు."

ఆ గౌను నేను తియ్యలేదు. తియ్యనిదానికి భయమెందుకు అంటారా? నా నోరు ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది, అందుకు. కాన్పు అయినప్పటి నుంచీ అంతే. పిల్లకు పాలిస్తుంటే చాలు, ఒంట్లో నీళ్ళన్నీ అటే లాగేసినట్టు నాలుక అంగిలికి అంటుకుపోతుంది. దానికి తోడు భయపడితే ఇంకా ఎండుతుంది. నేను భయపడని పూట ఏది? రాత్రి వంటింట్లో వేలు నాలుకకు అద్దుకుని చూసుకున్నాను. ఇసుక మీద రాసినట్టుంది. చెంబుడు నీళ్ళు తాగి మళ్ళీ చూసుకున్నాను. తాగినంతసేపు తడి, అది గొంతు దిగేసరికి పొడి. పైగా పరీక్షకు ముందు ఎవరూ నీళ్ళు ముట్టకూడదని ఆచారం.

అప్పుడు తట్టింది నాకు. మా అత్తగారు కూడా అప్పుడు పాలిచ్చే తల్లే.

మర్నాడు నల్లకోటు లాయరుగారు కోటు కోసం వచ్చారు. మంచాయన, మాటలంటే మహా సరదా. ఎదురుగా కూర్చోబెడితే టీ చల్లారిపోయినా చెప్పుకుంటూ పోతారు. కోటు మడుస్తూ అడిగాను.

"సార్, నిప్పుతో నిజం చూడటం కోర్టులో ఒప్పుకుంటారా?"

"ఎవరు చూస్తున్నారమ్మా?"

"ఎవరో అనుకుంటుంటే విన్నాను."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "ఒకప్పుడు కోర్టంటే అదేనమ్మా. దివ్యం అనేవాళ్ళు. ఒక్కచోట కాదు, లోకంలో చాలా చోట్ల ఉండేది. కాల్చిన ఇనుము చేత్తో పట్టుకుని నడవాలి. ఆ చేతికి కట్టు కట్టి, మూడో రోజు విప్పి చూసేవాళ్ళు. పుండు శుభ్రంగా మానుతుంటే నిర్దోషి. చీము పట్టిందా, దోషి. కొన్నిచోట్ల కాళ్ళూ చేతులూ కట్టి నీళ్ళలో వదిలేవాళ్ళు. తేలితే దోషి. నీళ్ళు కూడా వద్దన్నాయని అర్థం. మునిగితే నిర్దోషి."

"మునిగితే పోతాడు కదండీ!"

"నడుముకు తాడుంటుందిలే. లాగేవాడు లాగాలి, అంతే." టీ ఒక గుక్క తాగారు. "పొడి బియ్యం నమిలించి ఉమ్మించడం కూడా ఉండేది. కొన్ని దేశాల్లో ఎండు రొట్టె మింగించేవాళ్ళు."

"పొడిగా వస్తే?"

"ఇంకేముంది, దోషే. తప్పు చేసినవాడు భయపడతాడు, భయపడితే నోరెండుతుంది. అంతవరకు తెలివైన ఆలోచనే. కానీ భయపడ్డవాళ్ళందరూ తప్పు చేసినవాళ్ళు కాదు కదా."

నా చేతిలో కోటు మడత తప్పింది. మళ్ళీ విప్పాను.

"మరి అంతమంది ఎలా నమ్మారు సార్? తప్పని ఎవరూ కనిపెట్టలేదా?"

"ఎలా కనిపెడతారు? నిజం తెలియని చోటేగా దివ్యం పెట్టేది. తెలిస్తే పెట్టే పనే లేదు. మనుషులు తీర్పు చెప్పలేక, ఆ బరువు తీసుకెళ్ళి దేవుడి నెత్తిన పెట్టడం, అంతే దాని అర్థం. కాల్చే కడ్డీ ఎంత కాగాలో మాత్రం పక్కనున్న మనిషే చూసుకునేవాడు. చివరికి కొన్ని దేశాల్లో మతపెద్దలే ఈ నిప్పుకు మేం మంత్రాలు చదవం అని తప్పుకున్నారు, అక్కడ ఆగింది. ఆ తర్వాత ఒప్పించడానికి కొట్టడం నేర్చుకున్నారు, అది వేరే కథ." లేచి కోటు అందుకున్నారు. "దివ్యం తప్పు చెప్పిందని తెలిసేది ఎవరికో తెలుసా? తప్పు చేసి, తప్పించుకున్నవాడికి ఒక్కడికే. వాడు నోరు విప్పడు. అందుకే అది అన్ని వందల ఏళ్ళు నడిచింది. అమ్మా, ఈ గుండీ ఊడేలా ఉంది, ఒక కుట్టు వేస్తావా?"

గుండీ కుట్టాను. సూదిలో దారం ఎక్కించడానికి దారం కొస తడపాలి. ఎంతకీ తడవలేదు.

పరీక్ష రోజు పొద్దున మా ఆయన వ్యానులోకి మూటలెక్కిస్తుంటే దగ్గరికెళ్ళాను.

"ఏవండీ, పెట్టె నన్ను పట్టుకుంటే?"

"నిన్నా? నువ్వంటేనే దానికి భయం. అంత శుభ్రంగా తోముతావు."

"నవ్వులాట కాదు. పట్టుకుంటే?"

ఆయన మూట కింద పెట్టారు. "పట్టుకుంటే నేనూ నీతో వస్తాను."

"పిల్ల?"

"పిల్లనీ తీసుకెళ్దాం."

"మీ నాన్నగారు వెళ్ళారా మీ అమ్మగారితో? మిమ్మల్ని ఇచ్చారా?"

ఆయన మూట మళ్ళీ ఎత్తి, లోపల పెట్టి, ముడి సరిగ్గానే ఉన్నా విప్పి మళ్ళీ కట్టారు. దొంగది కొడుకు అనిపించుకుంటూ పెరిగిన మనిషి. బడిలో ఎవరి పెన్సిలు పోయినా ముందు ఈయన సంచే చూసేవాళ్ళట. ఆ సంగతి కూడా జోకులా చెప్తారు. ఆ పొద్దున జోకేమీ దొరకలేదు ఆయనకు.

మధ్యాహ్నం వాకిలి తలుపు వేశారు. బాయిలరు ఆపేశారు. గది అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. గోడ మీద తడి ఇంకుతున్న చప్పుడు కూడా వినిపించేలా ఉంది. పెద్దత్త పెట్టెలో నిప్పులు వేసి, మూత వేసి, మొదటి బల్ల మీద నిలబెట్టింది. ఇనుము వాసన పైకి లేచింది.

ఆచారం ప్రకారం ఇంట్లో చివర వచ్చినవాళ్ళు ముందు తాకించాలి, పెద్దవాళ్ళు ఆఖరున. నేను ముందుకొచ్చాను.

"ఆగు" అంది పెద్దత్త. "ఈసారి నేను ముందు."

సబ్బమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. పెద్దత్త వేలు తడుపుకుని తాకించింది. చుయ్‌మంది. మామూలుగా అయితే అక్కడితో సరి. ఆమె వేలు తీసి, దాని వైపు చూసుకుంది. నాలుకకు అద్దకుండానే మళ్ళీ తాకించింది. ఈసారి నెమ్మదిగా, నొక్కి. అయినా పట్టుకోలేదు. ఏమీ కాలేదు. తోలులాంటి వేలు, నలభై ఏళ్ళు కాగిన వేలు. ఆమె ముఖంలో రంగు మొత్తం దిగిపోయింది. నిర్దోషి అని తేలిన మనిషి ముఖం అలా ఉంటుందా అనుకున్నాను. అంతకుమించి ఆలోచించే స్థితిలో లేను.

సబ్బమ్మ వచ్చింది. "నా చేతులు పుట్టినప్పటి నుంచీ నీళ్ళలోనే. పెట్టెకే జలుబు చేస్తుంది చూడండి" అంటూ తాకించింది. చుయ్. మా ఆయన వచ్చారు. చుయ్.

ఇక నేను.

"చాలు" అంది పెద్దత్త. గొంతు ఎవరిదోలా ఉంది. "ఇక చాలు. నిప్పులు తీసెయ్యండి."

"అదేంటమ్మా?" అంది సబ్బమ్మ. "అందరం తాకించి ఆ పిల్లనొక్కదాన్నీ వదిలేస్తే, తీసింది అదేనని మనమే చాటింపు వేసినట్టు. దాని మంచికే చెప్తున్నా, తాకించనీ."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేను ముందుకు నడిచాను. వేలు నాలుకకు అద్దుకున్నాను. తడి లేదు. ఇంకోసారి. లేదు. నోట్లో ఎవరో దూది కుక్కినట్టుంది. పెట్టె ముందు గాలి వేడికి వణుకుతోంది. ఆ వణుకు వెనక కిటికీ, కిటికీ పక్కన మూడో బల్ల. అక్కడ ఎవరో నిలబడి, నాలాగే వేలు నోట్లో పెట్టుకుని, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టుకుంటున్నట్టు అనిపించింది. ఈసారి ఆవిరి కాదు. బాయిలరు ఆపేసి ఎంతసేపయిందో!

బుట్టలో నా కూతురు లేచి ఏడ్చింది.

అది ఏడిస్తే నా ఒళ్ళు నా మాట వినదు. రొమ్ములు ఒక్కసారి బిగుసుకున్నాయి, గుండెల మీద బట్ట రెండు వైపులా తడిసిపోయింది. నేనేమీ ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళింది, ఆ రోజు గౌను మీదికి వెళ్ళినట్టే. తడిసిన బట్టకు వేలు అద్ది, పాలు కారుతున్న వేలిని పెట్టెకు ఆనించాను.

చుయ్‌మంది. అందరి కంటే గట్టిగా. పాలు మాడిన వాసన గదంతా నిండింది. ఇనుము మీద గోధుమరంగు చుక్క ఒకటి మిగిలింది. నా వేలికి ఏమీ కాలేదు.

"ఇది లెక్కేనా?" అంది సబ్బమ్మ. తర్వాత తనే, "దాని ఒంటి తడేగా, లెక్కే" అని పిల్లను బుట్టలోంచి తీసి నాకందించింది. నేను నేల మీదే కూర్చుండిపోయి పిల్లను గుండెలకు అదుముకున్నాను.

పెద్దత్త ఆ చుక్కనే చూస్తోంది.

"ఆ రోజు కూడా పిల్లాడు ఏడ్చాడు" అంది. ఎవరితోనూ కాదు. "పక్కగదిలో. వాడు నా చంకలోనే ఉన్నాడు. తలుపు వేసెయ్యి, వినిపిస్తే అది పరీక్షలో నిలబడలేదు అంది ముసలావిడ. నేను వేసేశాను."

మా ఆయన తల ఎత్తారు.

పెద్దత్త నడుచుకుంటూ మూడో బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ బల్లను ఆమె ముట్టుకోవడం అదే మొదటిసారి చూశాను. బల్ల మీద పరిచిన కంబళి అంచు ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి, గౌను బయటికి తీసింది. రొమ్ము దగ్గర ఆకుల కింద, పెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ.

"నేనే" అంది. "కళ్ళు మసకబారాయి. ఎన్నాళ్ళుగానో. చక్రం మీది గీతలు ఎప్పుడో కనబడటం మానేశాయి, అందుకే వేలితో చూసుకుంటున్నా. ఈ బట్ట మరీ పలచన. తెలిసేలోపల..."

"మరి పెట్టెందుకు దించావు పెద్దమ్మా?" అన్నారు మా ఆయన. "కాలిందని చెప్తే పోయేదిగా! ఇది పొద్దున్నుంచీ ప్రాణాలు ఉగ్గబట్టుకుని చస్తోంది."

"నోటితో చెప్పలేకపోయానురా. ఒక్క బట్ట కాల్చలేదని అన్నన్ని సార్లు అన్న నోరు ఇది. పెట్టె చెప్తుంది కదా అనుకున్నా. ముందు నేనే తాకిస్తా, అది నన్ను పట్టుకుంటుంది, అందరికీ తెలిసిపోతుంది, ఇంకెవరూ తాకించక్కర్లేదు. రెండుసార్లు పెట్టాను. చూశారుగా, రెండుసార్లు." చూపుడువేలు చాచి మాకు చూపించింది, చిన్నపిల్ల దెబ్బ చూపించినట్టు. దాని మీద చిన్న గీత కూడా లేదు. "తప్పు చేసిన నన్ను పట్టుకోలేదు. మరి ఆ రోజు మీ అమ్మను ఎందుకు పట్టుకుంది?"

లాయరుగారు చెప్పింది నాకు గుర్తొచ్చింది, తప్పు చెప్పిందని తెలిసేది ఒక్కడికేనని. ఆ ఒక్కరు నోరు విప్పరన్నారు ఆయన. ఈమె విప్పింది. మా అత్తగారి విషయంలో ముప్పై ఏళ్ళు ఆలస్యమైంది, అంతే.

మా ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. పెద్దత్త ఆయన దగ్గరికి రెండడుగులు వేసి ఆగిపోయింది, ముందుకు వెళ్ళే హక్కు లేనట్టు.

గొడుగమ్మ చెప్పిన వేళకే వచ్చింది. గౌను కాగితంలో చుట్టకుండా, మచ్చ పైకి కనబడేలా, పెద్దత్తే తీసుకెళ్ళి చేతిలో పెట్టింది. "నేనే కాల్చానమ్మా. ఇంకెవరూ ముట్టుకోలేదు."

గొడుగమ్మ మచ్చ మీద వేలితో రాసి చూసింది. చాలాసేపు. అరుస్తుందనుకున్నాం. అరిస్తే బాగుండేది. తర్వాత నా చంకలోని పిల్ల వైపు చూసింది.

"ఎన్నో నెల?"

"ఆరు" అన్నాను. చెప్తూనే పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. ఆమె అది చూసింది. చూసి, తల ఊపింది.

"అలాగే పట్టుకో" అంది. గౌను మచ్చ లోపలికి పోయేలా మడుచుకుని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఏడాది తెస్తుందో లేదో తెలియదు.

పెద్దత్త ఇప్పుడు ఇస్త్రీ మానేసి గుండీలు కుడుతోంది, సూదిలో దారం నేను ఎక్కించి పెడతాను. బొగ్గుల పెట్టెను పాత ఇనుము వాళ్ళకు ఇచ్చేద్దామంది సబ్బమ్మ. మా ఆయన వద్దన్నారు. దాని మీద ఆ చుక్క ఎంత రుద్దినా పోలేదు. ఆయన వ్యాను పనే చేస్తున్నారు, జోకులు మళ్ళీ మొదలయ్యాయి. కానీ ఒకసారి ఆయన పక్కన కూర్చుని వెళ్ళినప్పుడు గమనించాను. గడప గడప దగ్గరా బట్టలు అందించేటప్పుడు, అందుకునేది కాస్త వయసు మళ్ళిన ఆడమనిషైతే, ఆయన ఆమె ముఖం చూడరు. ముందు కుడిచేతి చూపుడువేలు చూస్తారు.

మూడో బల్ల దగ్గర ఇప్పుడు నేను పని చేస్తున్నాను. ఎవరూ చెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. పిల్ల బుట్ట కూడా అక్కడికే జరిపాను. వంగి చూడటం ఇంకా మానలేదు. బల్ల మూలన ఒక గ్లాసుతో నీళ్ళు పెట్టుకుంటాను, నాకు దాహం కదా. సాయంత్రం పని ముగించి వెళ్ళేటప్పుడు దాన్ని మళ్ళీ నింపి పెట్టి వెళ్తాను. పొద్దున వచ్చేసరికి కాస్త తగ్గి ఉంటుంది.

"ఈ గది వేడికి నీళ్ళు ఇగిరిపోవూ మరి" అంటుంది సబ్బమ్మ.

అవును పిన్నీ అంటాను. అని, మళ్ళీ నింపుతాను.